రిటైరైన మనవాళ్ళని ఒకచోట చేర్చడం ఎలా: మా టెలిఫోన్ గ్రూపు పద్ధతి

రిటైరైనవాళ్ళ గ్రూపులో టూరు మాట రాగానే అందరూ అడిగేది "ఎక్కడికి?" అని. నేను మాత్రం ముందు "ఎవరు రాలేరు?" అని అడుగుతాను. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, మనవడి స్కూలు బస్సు టైముకి గేటు దగ్గర నిలబడాల్సినవాళ్ళు, భర్త పోయి ఏడాది తిరగనివాళ్ళు, పెద్ద ఆఫీసర్లు వస్తారని మొహమాటపడే లైన్‌మన్‌లు, వీళ్ళ పేర్లు ముందు రాసుకోండి. ఏ చోటు, ఏ రోజు, ఏ బస్సు, ఏ భోజనం అన్నవి చాలావరకు అక్కడే తేలిపోతాయి. ఒంట్లో ఓపిక, ఇంట్లో కారు ఉన్నవాళ్ళు మీరు ఎక్కడ పెట్టినా వస్తారు. వాళ్ళకోసం గ్రూపు నడపక్కర్లేదు.

మాది విజయవాడ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు బోర్డు మీద, అంటే ఊళ్ళ మధ్య కాల్స్ చేత్తో కలిపే బోర్డు మీద, ఆపరేటరుగా చేరాను. బోర్డులు పోయాక కౌంటర్లో కూర్చున్నాను, అక్కడే రిటైరయ్యాను. మా గ్రూపులో ఆపరేటర్లు, లైన్‌మన్‌లు, కేబుల్ జాయింటర్లు, తంతి (టెలిగ్రాం) ఆఫీసువాళ్ళు, జేటీఓలు (జూనియర్ టెలికాం ఆఫీసర్లు), ఆపై ఆఫీసర్లు, చనిపోయినవాళ్ళ భార్యలు, భర్తలు, అందరూ ఉన్నారు. 2000 అక్టోబరు 1న డిపార్ట్‌మెంటు బీఎస్ఎన్ఎల్‌గా మారకముందే దిగిపోయినవాళ్ళున్నారు. 2020 జనవరి 31న దేశమంతటా 78 వేల మందికి పైగా ఒకేరోజు వీఆర్ఎస్‌లో (స్వచ్ఛంద పదవీ విరమణలో) బయటికొచ్చారు కదా, ఆ బ్యాచీ ఉంది. అంటే ఎనభై దాటినవాళ్ళ పక్కనే అరవై నిండనివాళ్ళు. ఈ తేడా గుర్తుపెట్టుకునే నేను చెప్పేవన్నీ వినండి. మీది బ్యాంకైనా, ఆర్టీసీ అయినా, సింగరేణి అయినా, స్కూలైనా పెద్దగా మారేదేమీ ఉండదు.

ముందు ఒక నోట్‌బుక్కు

వాట్సాప్ గ్రూపు ఉంటే చాలు అనుకోకండి. గ్రూపులో మెసేజ్ పెట్టడం పిలవడం కాదు. మనవాళ్ళలో సగంమందికి ఆ గ్రూపులో పొద్దున్నే వచ్చే దేవుడి బొమ్మల కింద మన మెసేజ్ కనపడనే కనపడదు. కొంతమందికి స్మార్ట్‌ఫోనే లేదు.

పొడుగు నోట్‌బుక్కు ఒకటి కొనండి. పేర్లు హోదా వరసలో కాదు, పేట వరసలో రాయండి. సత్యనారాయణపురం ఒక పేజీ, పటమట ఒక పేజీ, భవానీపురం, గుణదల, సింగ్‌నగర్, అలా. ప్రతి పేరు పక్కన సొంత ఫోన్ నెంబరు, కొడుకుదో కూతురిదో నెంబరు, బయటికి ఎవరితో వస్తారు, ఏం చేయలేరు, ఏం తినరు అన్నవి ఉండాలి. "మెట్లు ఎక్కలేరు", "కింద కూర్చోలేరు", "బోటంటే భయం", "ఇన్సులిన్", "ఎడమ చెవి వినపడదు", ఇలా రాసిపెట్టుకున్న ఒక్కొక్క ముక్కా తరవాత పెద్ద సాయం చేస్తుంది.

ఏ హోదాలో రిటైరయ్యారో ఆ నోట్‌బుక్కులో రాయకండి. ఎక్కడ పనిచేశారో రాయండి: "ట్రంకు బోర్డు", "బందరు రూటు లైన్లు", "తంతి ఆఫీసు". ఇది ఎందుకు పనికొస్తుందో చోటు దగ్గర చెబుతాను.

పేటకి ఒకరు చొప్పున బాధ్యులుండాలి. ఒక్కొక్కరికి ఎనిమిది, పది ఇళ్ళకి మించకూడదు. వాళ్ళ పని ఫోన్ చెయ్యడం. పదిహేను రోజుల ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఒకసారి. పొద్దున పదిన్నర తరవాతైతే పూజ, టిఫిను అయిపోయి తీరిగ్గా ఉంటారు. మధ్యాహ్నం నిద్రపోయే టైములో చేస్తే "సరేలే" అని పెట్టేస్తారు.

ఫోన్లో ఏం వినాలో కూడా చెబుతాను. "చూద్దాంలేమ్మా, ఓపికుంటే వస్తాను" అన్నారంటే చాలాసార్లు రావాలని లేక కాదు. ఎలా రావాలో తెలియక. ఆటో ఎక్కించేవాళ్ళు లేరు, కొడుకుని అడగడానికి మొహమాటం. అందుకని "వస్తారా?" అని అడగకుండా "ఎలా వస్తారు అక్కా?" అని అడగాలి. "మీ వీధి చివరికి తొమ్మిదింటికి ఆటో వస్తుంది, అందులో మీ పాత సెక్షను వాళ్ళే ఇద్దరుంటారు, సాయంత్రం అదే ఆటో దింపుతుంది" అంటే గొంతే మారిపోతుంది.

ఎనభై దాటినవాళ్ళ విషయంలో పిల్లలతో కూడా మాట్లాడండి. నాన్నకి దారిలో ఏమన్నా అయితే ఎలా అన్న టెన్షన్ వాళ్ళది, అది న్యాయమే. పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు, మందులు ఎవరి దగ్గర ఉంటాయి, ఎన్నింటికి ఇంటికొస్తారు, ఈ మూడూ చెప్పండి. అబ్బాయో కోడలో "సరే అత్తయ్యగారూ, పంపిస్తాం" అన్నాకే పేరు ఖాయం చేసుకోండి.

రోజు

రిటైరైనవాళ్ళకి అన్ని రోజులూ ఆదివారమే అంటారు. ఆ మాట మగవాళ్ళకి కొంత నిజం కావచ్చు. మా ఆడవాళ్ళలో చాలామంది ఉద్యోగం చేసిన రోజులకన్నా ఇప్పుడే గడియారం చూసుకుంటూ బతుకుతున్నారు. కొడుకూ కోడలూ ఆఫీసుకెళ్తే మనవడిని బస్సెక్కించడం, దింపుకోవడం వాళ్ళ డ్యూటీ. అందుకే ఊళ్ళో పెట్టే కార్యక్రమం మామూలు రోజున పది నుంచి రెండున్నర లోపు ముగియాలి. ఊరు దాటి వెళ్ళే టూరు రెండో శనివారం పెట్టాలి, పిల్లల దగ్గర ఇంట్లో ఎవరో ఒకరుంటారు.

ఊళ్ళో పెట్టేదానికైతే నెలలో మొదటి వారం మంచిది. పింఛను పడి ఉంటుంది, డబ్బు అడగడానికీ ఇవ్వడానికీ ఇబ్బంది ఉండదు.

ఏడాదిలో మాకు నాలుగు సందర్భాలు నిలిచిపోయాయి. కార్తీక వనభోజనం సరేసరి. ఆదివారాలూ సోమవారాలూ వదిలేయండి. ఆదివారం ఊరంతా తోటల్లోనే ఉంటుంది, సోమవారం సగంమంది ఉపవాసం. బుధవారమో గురువారమో అయితే ఉసిరి చెట్టు కింద నీడా దొరుకుతుంది, వంట మాస్టారూ దొరుకుతారు. డిసెంబరు 17 పెన్షనర్స్ డే. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను దయాదాక్షిణ్యం కాదు, మన హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి పది నిమిషాలు చెప్పుకుని భోజనానికి కూర్చుంటాం. మే 17 ప్రపంచ టెలికాం దినం. మనవాళ్ళందరికీ ఇష్టమైన రోజే కానీ బెజవాడ ఎండ తెలిసిందే కదా, అందుకని సాయంత్రం ఆరు తరవాత ఏసీ హాల్లో మజ్జిగ, పుచ్చకాయ, పాటలు, అంతే. అక్టోబరు 1న మా సంస్థ పుట్టినరోజూ, అంతర్జాతీయ వృద్ధుల దినమూ కలిసొస్తాయి. ఆ రోజు ఎక్కడికీ వెళ్ళం. ఇల్లు కదల్లేనివాళ్ళ దగ్గరికి ఇద్దరిద్దరుగా వెళ్తాం.

నవంబరులో వనభోజనం పడితే ఇంకో పని కూడా అక్కడే అయిపోతుంది. పింఛను ఆగకుండా ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్. 2014లో జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది, ఇప్పుడు ఫోన్లో ముఖం చూపిస్తే సరిపోతుంది, వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళకి ఇది పెద్ద వరం. వీఆర్ఎస్ బ్యాచీలో ఫోన్ బాగా తెలిసిన ఇద్దరిని చెట్టు కింద కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఆధార్ కార్డు, పీపీఓ (పింఛను మంజూరు) కాగితం, ఆధార్‌కి లింకైన ఫోనూ తెచ్చుకోమని రెండు రోజుల ముందు ఫోన్లోనే చెప్పాలి. మధ్యాహ్నం వెలుతురు బాగుంటుంది, ముఖం తొందరగా పడుతుంది. దీనికోసమైనా వస్తామనే పెద్దవాళ్ళున్నారు, రానివ్వండి.

వీటన్నిటికన్నా నెలకొకసారి పార్కులో కలిసి కాఫీ తాగడం ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. రాఘవయ్య పార్కులోనో, ఎవరింటి మేడమీదో గంటసేపు. దానికి చందా అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. పెద్ద టూరుకి ముందే ఎవరు దిగులుగా ఉన్నారో, ఎవరికి కంటి ఆపరేషనైందో అక్కడే తెలుస్తుంది.

డబ్బు

లైన్‌మన్ పింఛనూ, డీజీఎం లాంటి పెద్ద ఆఫీసరు పింఛనూ ఒకటి కాదు. ఫ్యామిలీ పింఛను ఇంకా తక్కువ. కాబట్టి చందా తక్కువలో ఉన్నవాళ్ళని చూసి పెట్టాలి, అందరికీ ఒకటే ఉండాలి. మేం వనభోజనానికి తలకి 300 పెట్టుకున్నాం. అది చాలదు. మిగతాది ఇవ్వగలిగినవాళ్ళు కోశాధికారికి విడిగా ఇస్తారు. ఆ పేర్లు మైకులో చదవం, బ్యానరు మీద వెయ్యం, గ్రూపులో పెట్టం. "ఫలానా గారు పదివేలు ఇచ్చారు, చప్పట్లు" అన్న మాట ఒక్కసారి వినపడితే, 300 ఇచ్చి వెనక వరసలో కూర్చున్నాయన మళ్ళీ రాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం కమిటీలో ఎవరు పట్టుబట్టినా వినకండి.

ఫోన్‌పే ఉన్నా నగదు కూడా తీసుకోండి. బాధ్యులు ఇంటికెళ్ళి తెచ్చుకోవచ్చు, ఆ వంకన ఒకసారి చూసినట్టూ ఉంటుంది. కార్యక్రమం అయిన మూడు రోజుల్లో లెక్క రాసి, బిల్లులతో సహా ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళకి బాధ్యులే చదివి వినిపించాలి.

చోటు

చోటు ఎంచుకునేముందు ఇద్దరు వెళ్ళి చూసి రావాలి. ఆ ఇద్దరిలో ఒకరికి మోకాళ్ళ నొప్పులుండాలి. ఇది గట్టిగా చెబుతున్నాను. గట్టి కాళ్ళవాళ్ళిద్దరూ వెళ్తే "ఆ, నాలుగు మెట్లే" అని వచ్చేస్తారు. నొప్పి ఉన్నాయన లెక్కపెట్టి, రెయిలింగు ఎటు ఉందో, మధ్యలో కూర్చోవడానికి అరుగు ఉందో లేదో చూసొస్తాడు. ఇంకా చూడాల్సినవి: బస్సు ఎంతవరకు వెళ్తుంది, నీడ ఎక్కడ, కమోడ్ ఉన్న టాయిలెట్ ఎన్ని, వాటిలో నీళ్ళొస్తున్నాయా, తలుపు గడియ పడుతుందా, దగ్గర్లో ఆసుపత్రి ఏది.

మా చుట్టుపక్కల చోట్ల గురించి నాకు తెలిసినంత చెబుతాను.

ఉండవల్లి గుహలు ప్రకాశం బ్యారేజీ దాటితే వచ్చేస్తాయి. ఒకే కొండరాతిని తొలిచిన నాలుగంతస్తులు. పైన పడుకున్న అనంతపద్మనాభస్వామిని చూడాలంటే ఎత్తు మెట్లు ఎక్కాలి. అందరూ ఎక్కలేరు. కానీ కింద పచ్చిక, చెట్లు ఉన్నాయి, కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఎక్కేవాళ్ళు రెండు జట్లుగా వెళ్ళాలి, ఒక జట్టు వచ్చేదాకా రెండో జట్టు కిందవాళ్ళతో ఉండాలి. ఎక్కలేనివాళ్ళని చెప్పుల కాపలాకి వదిలేసినట్టు ఎప్పుడూ ఉండకూడదు.

భవానీ ద్వీపం అందరికీ ఇష్టమే. కృష్ణకి పైనుంచి నీళ్ళు వదిలే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అక్కడికి ప్లాను వెయ్యకండి, బోట్లు ఆపేస్తారు. 2024 సెప్టెంబరు వరదల్లో ద్వీపం ఎలా మునిగిందో మేమందరం చూశాం. డిసెంబరు, జనవరి బాగుంటాయి. ఏ బోటైనా సరే, లైఫ్ జాకెట్ అందరికీ ఇచ్చి, తాళ్ళు బిగించి కట్టాకే కదలాలి. ఉక్కపోస్తోందని విప్పేసేవాళ్ళుంటారు, ఒప్పుకోకండి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఏం జరిగిందో గుర్తు చేయండి, మళ్ళీ మాట్లాడరు. పాపికొండలు ఎంత అందంగా ఉన్నా, డెబ్భై ఐదు దాటినవాళ్ళున్న గ్రూపుకి నేను చెప్పను. రోజంతా బోటులో ఉండాలి, మధ్యలో ఎవరికైనా బాగోకపోతే రోడ్డు అందదు.

మంగళగిరిలో కింది గుడికి అందరూ వెళ్ళొచ్చు, ఆ గాలిగోపురం కింద నిలబడి తలెత్తి చూడడమే ఒక పని. కొండమీద పానకాలస్వామి దగ్గరికి వాహనం వెళ్ళే దారి ఉంది. పోసిన పానకంలో సగం స్వామి తాగి సగం మనకి వదులుతాడని నమ్మకం. మధ్యాహ్నం దాటితే పైన దర్శనం ఉండదు, కాబట్టి ముందు కొండ, తరవాత కింది గుడి. చేనేత చీరల దుకాణాలకి టైము ముందే కేటాయించండి. లేకపోతే బస్సు హారన్ కొడుతూ ఉంటుంది, ఆడవాళ్ళు రెండు అంచుల మధ్య తేల్చుకోలేక బాధపడుతుంటారు.

కొండపల్లి అంటే కోట ఒక్కటే కాదు. కోటలో నేల ఎగుడుదిగుడు. పెద్దవాళ్ళకి కింద బొమ్మలు చేసేవాళ్ళ వీధే బాగుంటుంది. తెల్లపొణికి చెక్క చెక్కి, ముక్కలు అతికి, రంగు వేసేదాకా ఎదురుగా కూర్చుని చూడొచ్చు. మనవలకి ఏదో ఒకటి కొనకుండా ఎవరూ రారు.

చలికాలంలో కొల్లేరు వైపు కైకలూరు దగ్గర ఆటపాకకి వెళ్ళండి. గూడబాతులు చెట్ల మీద గుంపులుగా ఉంటాయి. నడక తక్కువ, నేల చదును. అమరావతి, నాగార్జునకొండ మ్యూజియాలు శుక్రవారం మూస్తారు, అది మర్చిపోకండి. నాగార్జునకొండకి లాంచీ ఉంది, లేదు అన్నది నీటిమట్టాన్ని బట్టి ఉంటుంది కాబట్టి బయల్దేరే ముందురోజు కనుక్కోవాలి.

వీటన్నిటికన్నా మా గ్రూపుకి బాగా కుదిరింది దివిసీమ దారి. కూచిపూడి, మొవ్వ, ఘంటసాల, కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్రమహావిష్ణువు గుడి, ఓపిక ఉంటే హంసలదీవి. కొండల్లేవు, నేలంతా చదును. క్షేత్రయ్య పదాలు పాడగలిగినవాళ్ళు ఒకరుంటే మొవ్వ వేణుగోపాలుడి ముందు కూర్చోబెట్టండి. ఈ దారిలో ఇంకో విశేషం ఉంది, నోట్‌బుక్కులో "ఎక్కడ పనిచేశారు" అని రాయమన్నది అందుకే. 1977 నవంబరు 19 ఉప్పెన తరవాత ఆ దారిలో లైన్లు నిలబెట్టినవాళ్ళు మా గ్రూపులో ఉన్నారు. అప్పట్లో కుర్రవాళ్ళు. ఎప్పుడూ వెనక సీట్లో కూర్చుని, ఆఫీసర్లు మాట్లాడుతుంటే నవ్వి ఊరుకునే పెద్దాయన ఒకరికి బస్సు మొవ్వ దాటాక మైకు ఇచ్చాం. మొదట వద్దన్నాడు. తరవాత కిటికీలోంచి చెయ్యి చూపిస్తూ, ఇక్కడ పోల్సు అన్నీ ఒకే వైపుకి పడుకున్నాయి, ఇక్కడ తీగ నీళ్ళలోంచి లాగాం, ఈ ఊళ్ళో మాకు అన్నం వండిపెట్టినావిడకి తిరిగి పెట్టడానికి ఏమీ మిగల్లేదు అని చెబుతూ వెళ్ళాడు. బస్సులో మా పాత డివిజనల్ ఇంజనీరు గారు లేచి వచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ ఒకే సీట్లో వచ్చారు.

కాబట్టి మీ గ్రూపు ఏదైనా, మీవాళ్ళు పనిచేసిన దారి ఎంచుకోండి. ఆర్టీసీవాళ్ళయితే పాత రూటు, స్కూలువాళ్ళయితే మొదటి పోస్టింగు ఊరు. గైడుని వెతుక్కోనక్కర్లేదు. మొహమాటపడి మూల కూర్చునే మనిషికి ఆ రోజు పెద్దపీట దొరుకుతుంది.

బస్సు

ఎక్కించుకునే చోట్లు మూడుకి మించకూడదు. ఇంటింటికీ తిప్పితే మొదట ఎక్కినవాళ్ళు ఊరు దాటకముందే అలిసిపోతారు. పేట నుంచి ఆ చోటికి ఆటోలు.

బస్సు మొదటి మెట్టు ఎత్తుగా ఉంటుంది. గట్టి చెక్క పీట ఒకటి పట్టుకెళ్ళండి, ప్లాస్టిక్ స్టూలు జారుతుంది. దిగిన ప్రతిచోటా ఆ పీట వెయ్యడానికీ, తియ్యడానికీ ఒక మనిషిని పెట్టండి. ముందు రెండు వరసలు వాంతులయ్యేవాళ్ళకీ కాళ్ళు మడవలేనివాళ్ళకీ. వాళ్ళు ఎవరన్నది నోట్‌బుక్కు చెబుతుంది, హోదా కాదు. గంటంపావుకి ఒకసారి ఆపాలి. "ఎవరికైనా వెళ్ళాలా?" అని అడగొద్దు, మొహమాటానికి ఎవరూ చెయ్యెత్తరు. అందరం దిగుతున్నాం అని ఆపెయ్యడమే. దారిలో శుభ్రంగా ఉండే టాయిలెట్లున్న పెట్రోలు బంకులు ముందు చూసి వచ్చినవాళ్ళు రాసుకుని ఉంచాలి.

చిన్న జట్టయితే ఆర్టీసీ చాలు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేదు, అరవై దాటిన మగవాళ్ళకి 25 శాతం రాయితీ ఉంది. ఆధార్ కార్డు చేతిలో ఉండాలి. మా ఆడవాళ్ళు ఆరేడుగురు కలిసి బందరు వెళ్ళి, మంగినపూడి సముద్రం చూసి, లడ్డూ కొనుక్కుని రావడం ఇప్పుడు మామూలైపోయింది.

రైలు ప్రయాణాలకి ఒక్కమాట. సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, దాన్ని నమ్ముకుని లెక్క వెయ్యకండి. ఒక టికెట్టు మీద ఆరుగురికి మించి ఎక్కరు. కింది బెర్తు కావాల్సినవాళ్ళని ఒకే టికెట్టులో కుక్కితే అందరికీ రాదు, ఇద్దరిద్దరుగా విడదీసి బుక్ చేయండి.

ప్రతి మనిషి మెడలోనో జేబులోనో చిన్న కార్డు ఉండాలి: పేరు, ఇంటి నెంబరు, వాడే మందులు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, గ్లూకోజు, బిస్కెట్లు బాధ్యుల సంచిలో. అవసరమైతే 108కి ఫోన్ చేసేది ఎవరో, తోడుగా ఆసుపత్రికి వెళ్ళేది ఎవరో బయల్దేరేముందే చెప్పుకోవాలి.

భోజనం

పన్నెండున్నరకి విస్తళ్ళు పడాలి. సుగరువాళ్ళు ఎక్కువమంది ఉంటారు, ఇన్సులిన్ వేసుకుని కూర్చున్న మనిషిని ఉపన్యాసం అయ్యేదాకా ఆపడం ప్రమాదం. మాటలు ఎక్కడ ఉన్నా అక్కడ ఆపెయ్యండి.

బఫే వద్దు. ఒక చేత్తో పళ్ళెం, ఒక చేత్తో కర్ర పట్టుకుని లైనులో నిలబడలేరు. కింద బంతి కూడా వద్దు, కూర్చుంటే లేవలేరు. బల్లలు, కుర్చీలు వేసి, అరిటాకు పరిచి, కొసరి వడ్డించాలి. వడ్డన వీఆర్ఎస్ బ్యాచీది. "ఇంకొంచెం వేసుకోండి అన్నయ్యగారూ" అని అడిగి వడ్డించేవాళ్ళు ఇంట్లో లేనివాళ్ళు మనలో చాలామంది ఉన్నారు.

వనభోజనానికి మా మెనూ: పులిహోర, ముద్దపప్పు, గుత్తివంకాయ, దప్పళం, ఉసిరికాయ పచ్చడి, బూరెలు, పెరుగు. ఉప్పూ కారం ఒక పాలు తగ్గించమని వంట మాస్టారుకి ముందే చెప్పాలి, కావాల్సినవాళ్ళు వేసుకుంటారు. పళ్ళు లేనివాళ్ళ కోసం అన్నం కాస్త మెత్తగా. వందమందికి ఆయన చెప్పే లెక్కలో అయిదో వంతు తగ్గించినా మన వయసువాళ్ళకి సరిపోతుంది, బూరెలు మాత్రం తగ్గించకండి. సుగరున్నా అందరూ తింటారు.

కూర్చున్నాక ఏం చెయ్యాలి

పోయినవాళ్ళ పేర్లు మొదట్లోనే చదివి నిలబడాలి. చివర్లో చదివితే ఆ బరువుతో ఇళ్ళకి వెళ్తారు. తరవాత కొత్తగా చేరినవాళ్ళ పరిచయం. వేదిక వద్దు, కుర్చీలు గుండ్రంగా. ముఖ్య అతిథి వద్దు, శాలువాలు వద్దు. ఎనభై నిండినవాళ్ళకి మాత్రం దండ వేస్తాం, హోదాతో పనిలేదు. ఎవరు మాట్లాడినా అయిదు నిమిషాలు.

తంబోలా బాగా నడుస్తుంది, కాకపోతే టికెట్లు పెద్ద అంకెలతో ప్రింటు చేయించండి. మాకు సొంత ఆట ఒకటి ఉంది. ఒకరు ఊరి పేరు చెబుతారు, మిగతావాళ్ళు ఎస్టీడీ కోడ్ చెప్పాలి. గుంటూరు, 0863. ఏలూరు, 08812. బందరు, 08672. తిరుపతి, 0877. ఈమధ్య మాటలు బాగా తగ్గిపోయిన మా సూపర్‌వైజర్ అక్కని వాళ్ళమ్మాయి తీసుకొచ్చింది. ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు ఆవిడ. "తెనాలి" అనగానే, మైకు ఎటో ఉంది, "08644" అంది. "రాజమండ్రి?" "0883." "వైజాగ్?" "0891." వరసగా చెప్పుకుంటూ పోయింది. వాళ్ళమ్మాయి ఫోన్లో తీసుకుంది. మీ ఆఫీసులో చేతివేళ్ళకి అలవాటైపోయిన విషయం ఏదో ఒకటి ఉండే ఉంటుంది: ఖాతా నెంబర్లు, బస్సు నెంబర్లు, బొగ్గు గనుల పేర్లు. దాంతో ఆట కట్టండి.

గ్రూపు ఫొటో భోజనానికి ముందే తియ్యాలి, తిన్నాక ఒక్కొక్కరూ జారుకుంటారు. ముందు వరస కుర్చీలు వయసుని బట్టి.

భర్త పోయినవాళ్ళు, భార్య పోయినవాళ్ళు

మన కార్యక్రమాల్లో ఆడవాళ్ళకి బొట్టు పెట్టి తాంబూలం ఇవ్వడం అలవాటు. ఒక వనభోజనంలో ఆ పళ్ళెం బయటికి రాగానే మా ట్రంకు బోర్డు స్నేహితురాలు మెల్లగా లేచి చేతులు కడుక్కోవడానికని కుళాయి దగ్గరికి వెళ్ళింది. పంచడం అయ్యేదాకా అక్కడే నిలబడింది. ముప్పై ఏళ్ళు నా పక్కన హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్న మనిషి. అప్పటినుంచి మా దగ్గర బొట్టు పళ్ళెం లేదు. పళ్ళు, స్వీటు, చిన్న మొక్క ఉన్న సంచి మగా ఆడా అని లేకుండా ప్రతి కుర్చీ మీద ముందే పెట్టేస్తాం. పెద్దవాళ్ళు కొందరు సణిగారు. సణగనివ్వండి.

ఏటిసూతకం వెళ్ళేదాకా రారని మనమే అనేసుకోకూడదు. పిలవాలి. "రానమ్మా" అంటే సరే, భోజనం ఇంటికి పంపాలి. వస్తానంటే పక్కన ఎవరు కూర్చోవాలో ముందే చూసుకోవాలి. భార్య పోయిన మగవాళ్ళు ఇంకా ముడుచుకుపోతారు. వాళ్ళకి పని అప్పజెప్పండి, నీళ్ళ బాటిళ్ళ లెక్కో, పీట వెయ్యడమో. పని ఉందంటే వస్తారు.

అయిపోయాక

రానివాళ్ళకి మర్నాడే ఫోన్ చెయ్యాలి. మంచం మీద ఉన్నవాళ్ళకి ఫొటో ప్రింటు తీయించి ఇంటికి తీసుకెళ్ళండి. ఫోన్లో చూపించి వచ్చేస్తే సరిపోదు.

రెండేళ్ళకొకసారి నోట్‌బుక్కు చెయ్యి మారాలి. ఎనభై ఏళ్ళాయన ప్రేమతోనే పట్టుకుని ఉంటాడు, ఆయనకి గౌరవం తగ్గకుండా పక్కన వీఆర్ఎస్ బ్యాచీ మనిషిని కూర్చోబెట్టి ఒక పూర్తి కార్యక్రమం ఇద్దరి చేతా చేయించండి. అప్పజెప్పేటప్పుడు ఆఫీసులో చార్జి ఇచ్చినట్టే ఇవ్వాలి: నోట్‌బుక్కు, చేతిలో నిలవ, బస్సు, వంట మాస్టారు, టెంటు హౌసు నెంబర్లు, చెక్క పీట, మైకు సెట్టు, మిగిలిన ఓఆర్ఎస్ ప్యాకెట్లు. జాబితా రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. కొత్తగా తీసుకున్నవాళ్ళు ఆ వారంలోనే నోట్‌బుక్కులో ఉన్న ప్రతి నెంబరుకీ ఒకసారి ఫోన్ చేసి, "ఇకనుంచి నేను చేస్తాను అన్నయ్యగారూ, నా నెంబరు రాసుకోండి" అని చెప్పాలి. పలకని నెంబర్లు ఎన్ని ఉంటే అన్ని ఇళ్ళకీ మనిషి వెళ్ళి చూసి రావాలి.